సామాను పైలం: పాలమూరు నుంచి ఢిల్లీ దాకా రైల్లో ఒక్కరే వెళ్లాలంటే

మొదటిసారి ఒక్కదాన్నో ఒక్కడినో ఢిల్లీ బండి ఎక్కుతున్నామంటే ఇంట్లో అందరూ తలా ఒక జాగ్రత్త చెబుతారు. మా అమ్మ మాత్రం ఒక్కటే మాట అంది: "సామాను పైలం బిడ్డా." ఊరికే అంటుందిలే అనుకున్నాను. కాజీపేట దాటాక బాత్రూంకు పోవాల్సి వచ్చింది. చుట్టూ తెలిసిన ముఖం ఒక్కటి లేదు. సీటు కింద సూట్‌కేసు, ఒళ్లో బ్యాగు, చేతిలో ఫోను. ఏది మోసుకుపోవాలి, ఏది వదిలిపోవాలి? తేల్చుకోలేక బల్హార్షా దాకా బిగబట్టుకుని కూర్చున్నాను.

ఒంటరి రైలు ప్రయాణంలో అసలు చిక్కు ఇదే. ఇద్దరుంటే ఒకరు లేస్తారు, ఒకరు కూర్చుంటారు. ఒక్కరే ఉంటే బ్యాగు ఎవరు చూస్తారు? టికెట్ తీసుకునే దగ్గర్నుంచి దిగేదాకా ఈ ప్రశ్నను మనసులో పెట్టుకుని పనులు చేసుకుంటే మిగతావి వాటంతటవే దారికొస్తాయి.

మన జిల్లాకు దూర ప్రయాణాలు కొత్త కాదు. మట్టి పనికి, కాలువ పనికి, బొంబాయి, పుణె దాకా పోయినవాళ్లు ఊరూరా ఉన్నారు. పాలమూరు లేబర్ అన్న పేరే అట్లా వచ్చింది. కానీ వాళ్లు మేస్త్రీతో గుంపుగా పోయేవాళ్లు. ఒకరు నీళ్లకు దిగితే పది మంది మూటల దగ్గర ఉండేవాళ్లు. ఒక్కరే పోవడమన్నది మన తరం నేర్చుకోవాల్సిన విద్య.

ముందు, ఎక్కడ ఎక్కాలో తేల్చుకోండి

మహబూబ్‌నగర్ వాళ్లకు రెండు దారులు. మన లైను మీదుగానే ఉత్తరాదికి పోయే బండి పట్టుకోవడం ఒకటి, హైదరాబాద్ చేరి అక్కడ మారడం ఇంకొకటి. యశ్వంత్‌పూర్ నుంచి హజ్రత్ నిజాముద్దీన్ వెళ్లే కర్ణాటక సంపర్క్ క్రాంతి కర్నూలు, మహబూబ్‌నగర్ మీదుగానే కాచిగూడ చేరుతుంది. ఇక్కడొక తిరకాసు ఉంది. అదే పేరుతో హుబ్బళ్లి వైపు నుంచి పోయే బండి కూడా ఉంది. మన వైపు వచ్చేది 12649. పేరు చూసి బుక్ చేయకండి, నంబరు చూడండి. మీ స్టేషన్లో ఆగుతుందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో పోవాలంటే అది పొద్దున్నే నాంపల్లిలో బయలుదేరుతుంది కాబట్టి ముందురోజు రాత్రికే సిటీలో ఉండాలి. మహబూబ్‌నగర్–సికింద్రాబాద్ లైను డబ్లింగ్, విద్యుదీకరణ 2023 ఏప్రిల్‌లో పూర్తయి జాతికి అంకితమైంది. ఆ తర్వాత ఈ ముక్క ప్రయాణం కాస్త తేలికైంది. అయినా సరే, రెండు బండ్ల మధ్య కనీసం నాలుగు గంటలు పెట్టుకోండి. మొదటి బండి దిగే స్టేషనూ రెండో బండి ఎక్కే స్టేషనూ ఒకటే అయితే, రెండు టికెట్ల పీఎన్ఆర్‌లను ముందే జత చేయించుకోండి. మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పిపోతే డబ్బు అడగడానికి అది ఆధారం.

టికెట్ మీద స్టేషన్ పేరు రెండుసార్లు చదవండి. చర్లపల్లి కొత్త టెర్మినల్ 2025 జనవరిలో మొదలైంది. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం వల్ల చాలా బండ్లు అటు మళ్లాయి. నల్గొండ వాళ్లకు ఇది మంచిదే, బీబీనగర్ మీదుగా వచ్చేటప్పుడు సికింద్రాబాద్ కంటే ముందే తగులుతుంది. పాలమూరు వాళ్లకు మాత్రం కాచిగూడలో దిగి ఊరు దాటి అటు చివరికి పోవాలి. సామానుతో సిటీ ట్రాఫిక్‌లో ఆ దూరాన్ని తక్కువ అంచనా వేయకండి.

నల్గొండ, మిర్యాలగూడ వాళ్లు ఢిల్లీకే పోవాలని లేదు కదా. మొదటి ఒంటరి ప్రయాణానికి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హావ్‌డా పోవడం ఇంకా సుఖం అంటాను. బండి మారే పని లేదు. సాయంత్రం పూట మీ ఊళ్లోనే ఎక్కి పడుకుంటే, తెల్లారి ఒడిశాలో లేస్తారు. ఖల్లికోట్, బాలుగావ్ ప్రాంతంలో చిల్కా సరస్సు పట్టాల పక్కనే కనిపిస్తుంది. నారాయణపేట, మక్తల్ వైపు వాళ్లు బొంబాయికి పోవాలంటే వెనక్కి హైదరాబాద్ రానక్కర్లేదు. కృష్ణ స్టేషన్, రాయచూరు బొంబాయి లైను మీదే ఉన్నాయి. దేవరకద్ర నుంచి కృష్ణకు కొత్త లైను కూడా 2023లో కలిసింది.

టికెట్

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, పొద్దున 8 గంటలకు. 2024 నవంబరుకు ముందు ఇది 120 రోజులుండేది. పాత లెక్కనే చెప్పే బంధువులు ఇంకా ఉన్నారు, వినకండి. పండగల ముందు, సెలవుల్లో ఆ మొదటిరోజే కూర్చోవాలి. తత్కాల్ ముందురోజు తెరుస్తారు: ఏసీకి 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు. ఆన్‌లైన్లో తత్కాల్ తీయాలంటే 2025 జులై నుంచి ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ జత చేసి ఉండాలి. అది ఆఖరి నిమిషంలో చేసే పని కాదు, ఈ వారమే చేసి పెట్టుకోండి.

వెయిటింగ్ లిస్టులో తేడాలున్నాయి. జీఎన్‌డబ్ల్యూఎల్ (బండి మొదలయ్యే వైపు నుంచి ఇచ్చే మామూలు లిస్టు) అని ఉంటే కదిలే అవకాశం ఎక్కువ. పీక్యూ, ఆర్ఎల్ (మధ్య స్టేషన్లకు ఇచ్చే చిన్న కోటాలు) అని మొదలైతే తక్కువ. మన స్టేషన్ నుంచి పీక్యూ చూపిస్తే, బండి మొదలయ్యే స్టేషన్ నుంచి టికెట్ చూడండి. అక్కడ దొరికితే తీసుకుని, ఎక్కే స్టేషన్‌ను మన ఊరికి మార్చుకోవచ్చు. కాస్త డబ్బు ఎక్కువవుతుంది, బెర్త్ మాత్రం ఖాయం. మార్చుకోవడం ఒకరోజు ముందే చేయండి. మార్చకుండా మధ్యలో ఎక్కితే మీరు రాలేదనుకుని టీసీ ఆ బెర్త్ ఇంకొకరికి ఇచ్చేస్తాడు.

ఆన్‌లైన్ టికెట్ ఛార్ట్ (బెర్తుల ఆఖరి జాబితా) వచ్చాక కూడా వెయిటింగ్‌లోనే ఉంటే దానంతటదే రద్దవుతుంది, డబ్బు వెనక్కి వస్తుంది. దాంతో స్లీపర్ ఎక్కకూడదు. ఆర్‌ఏసీ అయితే ఎక్కొచ్చు, సైడ్ లోయర్‌లో సగం సీటు మీది. ఇద్దరు కాళ్లు ముడుచుకుని ఎదురెదురుగా కూర్చుంటారు. ఒక రాత్రికి ఓర్చుకోవచ్చు గానీ మొదటి ఒంటరి ప్రయాణానికి నేను సలహా ఇవ్వను.

ఏ బెర్త్?

స్లీపర్, థర్డ్ ఏసీల్లో లెక్క తేలిక. మీ నంబరును 8తో భాగించండి. శేషం 1 లేదా 4 అయితే లోయర్, 2 లేదా 5 అయితే మిడిల్, 3 లేదా 6 అయితే అప్పర్, 7 అయితే సైడ్ లోయర్, ఏమీ మిగలకపోతే సైడ్ అప్పర్. 43 వచ్చిందనుకోండి, 40 పోతే 3, అంటే అప్పర్. నంబర్లు మొదట్లోవి, చివర్లోవి అయితే బాత్రూం పక్కన పడ్డట్టు. రాత్రంతా తలుపుల చప్పుడు. మధ్యలోవి, ముప్పయ్యో నలభయ్యో నంబర్లు, హాయి.

ఇక ఎంపిక. మీ దగ్గర సూట్‌కేసు ఉంటే లోయర్ అడగండి. సామాను మీ కిందే ఉంటుంది, మీ కాలికి తగులుతుంది. కానీ పగలంతా మీ బెర్త్ అందరిదీ. మధ్యాహ్నం నడుం వాల్చాలంటే ముగ్గురిని లేపాలి. ఒక్క బ్యాగుతో వెళ్తే అప్పర్ మేలు. బ్యాగు తలకింద పెట్టుకుని ఎప్పుడంటే అప్పుడు పడుకోవచ్చు. మిడిల్ రెండింటికీ చెడ్డది: పగలు వాల్చుకోలేరు, సామాను కంటికి ఆనదు. నాకు ఇష్టమైంది సైడ్ అప్పర్. నడవాలో ఎవరు వస్తున్నారో పోతున్నారో కనిపిస్తుంది, మన జోలికి ఎవరూ రారు. ఆరడుగుల మనిషికి మాత్రం కాళ్లు చాలవు.

సామాను ఎంత?

స్లీపర్, థర్డ్ ఏసీల్లో 40 కిలోల దాకా ఉచితమే. ఆ లెక్క మరిచిపోండి. ఒంటరి మనిషికి కొలత కిలోలు కాదు, బాత్రూం. భుజానికి తగిలించుకుని రైలు బాత్రూంలోకి పోగలిగినంత బ్యాగు ఒకటి. తాళం వేసి చైనుతో కట్టేసే పెట్టె ఉంటే ఇంకొకటి. మూడోది ఉండకూడదు. అమ్మ కట్టిచ్చే సంచి వద్దనలేం కాబట్టి దానికోసం పెద్ద బ్యాగులో ముందే చోటుంచండి.

పోతే ప్రాణం పోయినంత పనయ్యేవి, అంటే సర్టిఫికెట్లు, ఒరిజినల్ గుర్తింపు కార్డు, డబ్బు, మందులు, ఒంటి మీదకు దగ్గరగా ఉండే చిన్న సంచిలో పెట్టుకోండి. అది నిద్రలోనూ, బాత్రూంలోనూ, చాయ్ తాగేటప్పుడూ మీతోనే ఉండాలి. చార్జర్, దుప్పటి, తువ్వాలు, బట్టలు పోయినా మళ్లీ కొనుక్కుంటాం. ఈ రెండు జాతుల్ని కలపకుండా సర్దుకుంటే సగం టెన్షన్ ఇంట్లోనే తీరిపోతుంది. చైను, తాళం ఊళ్లోనే కొనండి. లోయర్ బెర్త్ కింద దాన్ని తగిలించడానికి ఇనుప రింగులుంటాయి. స్లీపర్‌లో దుప్పటి, దిండు ఇవ్వరు. పవర్ బ్యాంక్ తప్పనిసరి, రాత్రి 11 నుంచి 5 దాకా ప్లగ్గుల్లో కరెంటు ఆపేస్తారు.

సద్ది

తడిగా ఉండేవి మొదట తినాలి, పొడిగా ఉండేవి చివరికి. పులిహోర మొదటి పూట. పలచగా కాల్చి గట్టిపడనిచ్చిన జొన్నరొట్టెలు, ఎల్లిగడ్డ కారం, పల్లీల పొడి రెండో రోజుకు. సకినాలు, సర్వపిండి ఎప్పుడైనా. ఎండాకాలం పెరుగన్నం కట్టుకోకండి, నాగ్‌పూర్ ఎండకు పులిసిపోతుంది.

బండిలో ప్యాంట్రీ వాళ్ల దగ్గర కొంటే బిల్లు అడగండి. బిల్లు ఇవ్వకపోతే డబ్బు కట్టక్కర్లేదన్నది రైల్వే పెట్టిన నియమమే. రైల్ నీర్ లీటరు సీసా రూ.14. డబ్బులు ఫోన్లో కొట్టేద్దాం అనుకుంటే కాగజ్‌నగర్ తర్వాత అడవిలో, నాగ్‌పూర్ దాటాక బైతూల్ కొండల్లో సిగ్నల్ ఉండదు. పది, ఇరవై నోట్లు చేతిలో పెట్టుకోండి. ఇంకో మాట, మన హైదరాబాదీ హిందీ మీద మరీ ధీమా వద్దు. "నక్కో" అంటే భోపాల్‌లో చాయ్ అమ్మే అబ్బాయి అయోమయంగా చూస్తాడు. "డేఢ్ సౌ" అంటే నూట యాభై, "ఢాయీ సౌ" అంటే రెండొందల యాభై. ఈ రెండు మాటలు రాక నేను ఒక స్టేషన్లో పండ్లకు ఎంతిచ్చానో చెప్పను.

ఎక్కిన మొదటి గంట

అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. చాలామంది ఎక్కగానే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గోడవైపు తిరుగుతారు. అలా చేస్తే పన్నెండు గంటలైనా మీ బ్యాగు చూసే మనిషి పుట్టడు. ముందు సామాను కట్టేయండి. మీరు కడుతున్నట్టు అందరికీ కనపడనివ్వండి, తప్పేం లేదు. తర్వాత కూర్చుని చుట్టూ చూడండి. పిల్లలతో వచ్చిన కుటుంబం, పెద్ద వయసు దంపతులు, మీరు దిగే చోటుకే పోతున్నవాళ్లు ఎవరో కనుక్కోండి. మధ్యలో దిగేవాళ్ల మీద ఆధారపడకూడదు. బల్హార్షా దాకా బోగీలో తెలుగు వినపడుతూనే ఉంటుంది, ఆ ధైర్యంతో తెలుగువాళ్లనే పట్టుకుంటే వాళ్లు అక్కడే దిగిపోవచ్చు.

మాట కలపడానికి పెద్ద విద్య అక్కర్లేదు. "ఎందాకా?" చాలు. ముందు మీరే వాళ్ల పని ఒకటి చేసి పెట్టండి. ముసలాయన పెట్టె పైకి ఎత్తండి, పాపకు కిటికీ పక్కన చోటివ్వండి. గంట తర్వాత "కొంచెం బ్యాగు చూస్తారా, ఇప్పుడే వస్తా" అంటే కాదనేవాళ్లు ఉండరు. మొదటిసారి విలువైనదేదీ లేని బ్యాగునే అప్పజెప్పండి. ఒక్కరికి కాకుండా ఇద్దరు వినేలా చెప్పండి. ఒకరు కునుకు తీసినా ఇంకొకరు ఉంటారు.

ఎవరితో పోతున్నావు, ఎక్కడ ఉంటావు, జీతమెంత అని అడుగుతారు. మనవాళ్లు అడగకుండా ఉండలేరు. ఊరి పేరు చెప్పండి, చిరునామా చెప్పకండి. "అన్న స్టేషనుకు వస్తాడు" అనండి. అన్న లేకపోయినా ఫరవాలేదు.

తినమని పెడితే? తెలియనివాళ్లు ఇచ్చింది తినొద్దని స్టేషన్లలో మైకులో చెబుతూనే ఉంటారు. కానీ ఎదురుగా కూర్చున్న పెద్దావిడ పూరీ చేతికిస్తుంటే ముఖం మీద వద్దనడం మనకు రాదు. "ఇవాళ ఒక్కపొద్దు" అనండి. ఏ వారమైనా ఎవరో ఒక దేవుడిది ఉంటుంది. హిందీలో "వ్రత్ హై" అంటే బలవంతం పెట్టరు, పైగా గౌరవంగా చూస్తారు. కాకపోతే ఆ తర్వాత మీ సకినాల డబ్బా వాళ్ల ముందు తెరవకూడదు.

రాత్రి

రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా పడుకునే సమయం. మిడిల్ బెర్త్ వాళ్లు దాన్ని ఎత్తి కట్టుకోవచ్చు, మీ లోయర్ మీద కూర్చున్నవాళ్లను లెమ్మనొచ్చు. మొహమాటం వద్దు. చెప్పులు బెర్త్ కింద లోపలికి తోయండి. కిటికీ పక్కన పడుకుంటే ఫోను చేతిలో పెట్టుకుని నిద్రపోకండి, బండి నెమ్మదించిన చోట బయటి నుంచి చెయ్యి వస్తుంది. ఏదైనా పోతే బండి దిగి స్టేషన్‌కు పరుగెత్తక్కర్లేదు. టీసీకో, బండిలో ఉండే ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్లకో అక్కడే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఏ గొడవకైనా రైల్వే హెల్ప్‌లైన్ 139. తెల్లవారుజామున దిగాల్సి ఉంటే అదే నంబరుకు ఫోన్ చేసి, స్టేషన్ రాకముందు లేపమని కూడా పెట్టుకోవచ్చు.

ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు రెండు సంగతులు. 2020 నుంచి ఆర్‌పీఎఫ్ 'మేరీ సహేలీ' పేరుతో మహిళా సిబ్బందిని పెట్టింది. వాళ్లు బండి మొదలయ్యే చోట ఒంటరి స్త్రీలను పలకరించి, బెర్త్ నంబరు రాసుకుంటారు. రెండోది, టికెట్ విషయంలో ఏదైనా తేడా వచ్చి దిగిపొమ్మంటే భయపడకండి. 1989 రైల్వే చట్టం 139వ సెక్షన్ ప్రకారం మగతోడు లేని స్త్రీని పగటిపూట మాత్రమే దింపాలి, అదీ ఆమె ఎక్కిన స్టేషన్, జంక్షన్, చివరి స్టేషన్ లేదా జిల్లా కేంద్రంలోనే. హెల్ప్‌లైనూ 139, సెక్షనూ 139. ఒక్క నంబరు గుర్తుంటే చాలు.

మధ్యలో దిగితే

నాగ్‌పూర్‌లో నారింజలు, ఆగ్రాలో పేఠా, మథురలో పేడా. కిటికీలోంచి కొనండి. దిగాలనిపిస్తే మీ తలుపు ఎదురుగా పది అడుగులు, అంతే. ఒకసారి సీసాలో నీళ్లు పట్టుకుందామని నాలుగు బోగీల దూరం పోయాను. కుళాయి దగ్గర ముందున్నాయన మూడు సీసాలు నింపుతున్నాడు. బండి కదిలింది. దొరికిన తలుపు పట్టుకుని ఎక్కాను. అది తప్పు, మీరు చేయకండి, కాలు జారితే అంతే సంగతులు. అదృష్టం కొద్దీ అది లోపలి దారి ఉన్న బోగీ. జనరల్ బోగీ అయ్యుంటే చాలా బండ్లలో లోపల్నుంచి దారి ఉండదు. నా బెర్త్ చేరేసరికి ఎదురుగా కూర్చున్న ఆమె నా సంచిని తన ఒళ్లో పెట్టుకుని, తలుపు వైపే చూస్తోంది. రెండు నిమిషాలు తిట్టింది. ఏ భాషో సరిగ్గా తెలియలేదు గానీ తిట్లు మాత్రం మా అమ్మవే.

బండి తప్పిపోతే పరుగెత్తకండి. అక్కడే స్టేషన్ మాస్టర్ దగ్గరికి పోయి, బండి, బోగీ, బెర్త్ నంబర్లు చెప్పండి. 139కి కూడా చెప్పండి. ముందు స్టేషన్లో సామాను దింపించే ఏర్పాటు వాళ్లు చూస్తారు. అందుకే టికెట్ ఫోన్లో ఉన్నా, బోగీ, బెర్త్ నంబర్లు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోవాలి. ఫోను చార్జింగ్‌లో పెట్టి దిగే మహానుభావులున్నారు.

దిగేటప్పుడు

డిసెంబరు, జనవరి నెలల్లో ఆగ్రా దాటాక పొగమంచుకు బండ్లు గంటలకు గంటలు ఆలస్యమవుతాయి. పరీక్షకో ఇంటర్వ్యూకో పోతుంటే ఒకరోజు ముందుగా చేరేలా టికెట్ తీసుకోండి. మన పాలమూరు స్వెట్టరు ఆ చలికి చాలదు. న్యూఢిల్లీ, నిజాముద్దీన్ వేర్వేరు స్టేషన్లు. మిమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకు ఏదో ముందే చెప్పండి. న్యూఢిల్లీలో మెట్రోకు పోవాలంటే అజ్మేరీ గేట్ వైపు దిగాలి, పహాడ్‌గంజ్ వైపు కాదు. "మీ హోటల్ మూసేశారు, నేను చూపిస్తా" అనేవాళ్లకు జవాబు చెప్పకుండా నడవండి.

అరగంట ముందే లేచి, బెర్త్ కింద టార్చి వేసి చూడండి. కొక్కేనికి తగిలించిన సంచి, ప్లగ్గులో చార్జరు, దిండు కింద కళ్లద్దాలు. బ్యాగు చూసినవాళ్లకు చెప్పి దిగండి. నేను ఆ మొదటి ప్రయాణంలో అన్నీ లెక్కపెట్టుకుని, సూట్‌కేసు తాళం విప్పి, గర్వంగా ప్లాట్‌ఫాం మీదకు దిగాను. బండి యార్డుకు పోయాక గుర్తొచ్చింది, చైను, తాళం ఆ రింగుకే వేలాడుతున్నాయి. తిరుగు ప్రయాణానికి పహాడ్‌గంజ్‌లో ఇంకొకటి కొన్నాను. డేఢ్ సౌ.